గొంతు పోయినవాళ్ళ కవి ఓవిడ్

మీరు అడిగింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ప్రేమ కవిత్వం రాసినందుకే రోమన్ కవి ఓవిడ్‌ను అగస్టస్ చక్రవర్తి రోమ్ నుంచి వెళ్ళగొట్టాడా? రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా ఆయన్ని ఎందుకు చదువుతున్నారు? లాటిన్ రాని తెలుగు పాఠకుడు ఎక్కడ మొదలుపెట్టాలి? నేను చాలా ఏళ్ళు ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పాను. షేక్స్‌పియర్ ఈ కథలన్నీ ఎక్కడ తెచ్చుకున్నాడని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ప్రతిసారీ ఓవిడ్ గుమ్మం ముందే తేలేవాణ్ణి. చివరికి నలభై దాటాక లాటిన్ నేర్చుకున్నాను. ఇప్పటికీ నిఘంటువు పక్కన లేకుండా చదవలేను, కానీ ఆయన్ని వదల్లేదు. కాబట్టి సమాధానం కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ఆయన పూర్తి పేరు పబ్లియస్ ఓవిడియస్ నాసో. క్రీ.పూ. 43 మార్చి 20న సుల్మో అనే ఊళ్ళో పుట్టాడు. ఇటలీ మధ్యలో, అపెన్నైన్ కొండల నడుమ ఉన్న ఆ ఊరిని ఇప్పుడు సుల్మోనా అంటారు. "సుల్మో నా ఊరు, చల్లని నీళ్ళ ఊరు, రోమ్‌కు తొంభై మైళ్ళ దూరం" అని ఆయనే రాసుకున్నాడు. ఆ మాటలోని మొదటి అక్షరాలనే ఆ పట్టణం ఈనాటికీ తన చిహ్నంగా వాడుకుంటోంది. పుట్టిన సంవత్సరాన్ని కూడా ఒక గుర్తుతో చెప్పాడు: రోమ్ పాలన చూసే ఇద్దరు కాన్సుల్‌లూ ఒకేలా యుద్ధంలో చనిపోయిన ఏడాది అని. అంతకు ముందు ఏడాదే సీజర్‌ను చంపారు. ఓవిడ్ పుట్టిన ఏడాది చివర్లో గొప్ప వక్త సిసెరోను చంపి తలా చేతులూ నరికి రోమ్ సభాస్థలిలో పెట్టారు. అంతర్యుద్ధాలు ముగిసేనాటికి ఓవిడ్ ఇంకా పిల్లవాడే. ముందు తరం కవులు వర్జిల్, హోరేస్ ఆ రక్తపాతాన్ని చూశారు, శాంతి తెచ్చాడని అగస్టస్‌ను మెచ్చుకున్నారు. ఓవిడ్‌కు శాంతి పుట్టుకతో వచ్చినట్టే. ఎవరికీ రుణపడినట్టు ఆయనకు అనిపించలేదు. ఆయన కవిత్వంలోని చనువుకు, తర్వాత వచ్చిపడిన కష్టానికి కూడా మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఆయనకు సరిగ్గా ఏడాది పెద్ద అన్న ఉండేవాడు. ఇద్దరి పుట్టినరోజూ ఒకటే, ఆ రోజు దేవుడికి రెండు పిండివంటలు పెట్టేవారట. తండ్రి ఇద్దరినీ రోమ్‌కు చదువుకి పంపాడు. అన్నకు వకీలు పని ఇష్టం, తమ్ముడికి పద్యం పిచ్చి. "పనికిరాని చదువు ఎందుకురా, హోమర్ అంతటివాడే చిల్లిగవ్వ మిగల్చలేదు" అని తండ్రి మందలించేవాడు. కొడుకు బుద్ధిగా వచనం రాద్దామని కూర్చుంటే మాటలు వాటంతటవే ఛందస్సులో పడిపోయేవి. అన్న ఇరవయ్యో ఏట చనిపోయాడు. తన ప్రాణంలో సగం పోయిందని ఓవిడ్ రాశాడు. కొన్ని చిన్న ప్రభుత్వ పదవులు చేసి, సెనేట్‌కు వెళ్ళే దారి కనబడుతుండగానే వదిలేసి కవిత్వానికి వచ్చేశాడు. ఇవన్నీ రోమ్ వదిలాక రాసిన 'ట్రిస్టియా' అనే పుస్తకం నాలుగో భాగం పదో పద్యంలో ఉన్నాయి. తన జీవితం గురించి ఇంత వివరంగా, ఇంత దగ్గరగా చెప్పుకున్న పాతకాలపు కవులు చాలా తక్కువ.

ఇక్కడ ఛందస్సు గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో తెలుగువాళ్ళకున్న సౌకర్యం ఇంగ్లీషువాళ్ళకు లేదు. లాటిన్ పద్యం గురులఘువుల మీద నడుస్తుంది. దీర్ఘం గురువు, పొల్లుతో మూసుకున్న అక్షరం గురువు, రెండు హల్లులు కలిసి వస్తే ముందున్నది గురువు. మనం బళ్ళో నేర్చుకున్న సూత్రాలే దాదాపుగా. వీరగాథల ఛందస్సులో పంక్తికి ఆరు గణాలు. ప్రతి గణం ఒక గురువు, రెండు లఘువులు, అంటే మన భగణం. లేదా రెండు గురువులు, అంటే మన గగం. ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే. ఓవిడ్ మహాకావ్యం 'మెటమార్ఫసెస్' మొదటి పంక్తి చూడండి: "ఇన్ నొవ, ఫెర్ టని, ముస్ మూ, టాటాస్, డీకెరె, ఫోర్మాస్". భ, భ, గగ, గగ, భ, గగ. ఇంకో సంగతి. ఎ ఏ, ఒ ఓ తేడా రోమన్ లిపిలో కనబడదు, విద్యార్థులు అక్షరం నెత్తిన గీతలు పెట్టుకుని చదువుతారు. మన లిపిలో ఆ తేడా మామూలుగానే ఉంది. నేను లాటిన్ పద్యాలను నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసుకుని గణవిభజన చేసేవాణ్ణి. అలా రాసుకున్న రోజే మొదటిసారి నాకు ఆ నడక చెవికి వినిపించింది.

ఆయన తనను ఎప్పుడూ 'నాసో' అనే పిలుచుకుంటాడు, ఓవిడియస్ అని కాదు. ఎందుకో ఇప్పుడు మీకే తెలిసిపోతుంది. ఒ-వి-డి: వరసగా మూడు లఘువులు. భగణంలోనూ గగంలోనూ ఆ పేరు పట్టదు.

ఆయన మొదట పట్టుకున్నది ప్రేమ పద్యాల ఛందస్సు. ఆరు గణాల పంక్తి ఒకటి, దాని కింద ఐదు గణాల పంక్తి ఒకటి, అలా జంటలు జంటలుగా సాగుతుంది. లాటిన్‌లో గణాన్ని పాదం అంటారు, కాలు అనే అర్థంలోనే. ప్రేమ పద్యాల పుస్తకం 'అమోరెస్' మొదటి పద్యంలో ఓవిడ్ అంటాడు: నేను ఆయుధాల గురించి, యుద్ధాల గురించి గంభీరంగా రాద్దామని కూర్చున్నాను, మన్మథుడు నవ్వి రెండో పంక్తిలోంచి ఒక పాదం దొంగిలించాడు. వీరకావ్యం కుంటుతూ ప్రేమ పద్యం అయిపోయింది. వర్జిల్ వీరకావ్యం 'ఈనీడ్' కూడా 'ఆయుధాలు' అన్న మాటతోనే మొదలవుతుంది. చదివే ప్రతి రోమన్‌కూ అది తట్టి ఉంటుంది. వర్జిల్‌ను మాత్రం తాను చూశానే గాని మాట్లాడలేదని ఓవిడ్ రాశాడు. హోరేస్ చదువుతుంటే విన్నాడు. ప్రేమ కవి ప్రొపెర్షియస్ ఆయనకు స్నేహితుడు. ఇంకో ప్రేమ కవి టిబులస్ చనిపోతే మంచి స్మృతి పద్యం రాశాడు.

ఆయన స్వభావం తెలియాలంటే తత్వవేత్త సెనెకా తండ్రి చెప్పిన కథ ఒకటి చాలు. ఓవిడ్ రాసినవాటిలో మూడు పంక్తులు బాగాలేవు, తీసెయ్యాలని స్నేహితులు అడిగారు. సరే, కానీ ఏ మూడు పంక్తులు ముట్టుకోకూడదో నేనూ రాసి పెడతాను అన్నాడట. రెండు జాబితాలూ విప్పి చూస్తే రెండింటిలోనూ అవే మూడు పంక్తులు. అందులో ఒకటి మినోటార్ గురించి: సగం ఎద్దయిన మనిషి, సగం మనిషైన ఎద్దు. తన తప్పులు ఆయనకు తెలుసు, వాటినే ప్రేమించాడు. ఆ అతి ఆయన కవిత్వంలో అక్కడక్కడ తగులుతుంది. నాకైతే ఎప్పుడూ అడ్డు కాలేదు.

తర్వాత 'హెరోయిడెస్' రాశాడు. పురాణ స్త్రీలు తమను వదిలి వెళ్ళిన మగవాళ్ళకు రాసే ఉత్తరాలు ఇవి. యులిసెస్ కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన పెనెలపీ రాస్తుంది, జవాబు రాయొద్దు, నువ్వే రా అని. ఈనియాస్‌కు డైడో రాణి రాస్తుంది. వర్జిల్ దగ్గర ఈనియాస్ వెళ్ళిపోవడం దైవాజ్ఞ, రోమ్ పుట్టుకకు అవసరం. ఓవిడ్ దగ్గర అది ఒక మనిషి ఒక మనిషిని మోసం చెయ్యడం. మాట్లాడే అవకాశం రానివాళ్ళకు కలం ఇవ్వడం ఇక్కడ మొదలైంది. నేను చెప్పదలచుకున్నది ఇదే, చివరిదాకా దీన్ని పట్టుకుని రండి. 'మెడియా' అనే నాటకం కూడా రాశాడు, పెద్ద పేరు వచ్చింది, కానీ మనకు రెండు పంక్తులు మాత్రమే మిగిలాయి. ఆ నష్టం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక 'ఆర్స్ అమటోరియా', ప్రేమకళ. ఆడవాళ్ళను ఎక్కడ కలవాలి, ఎలా మాట్లాడాలి, ఎలా నిలుపుకోవాలి అని మగవాళ్ళకు రెండు భాగాలు, ఆడవాళ్ళకు ఒక భాగం, అంతా శాస్త్రగ్రంథం నడకలో. తెలివైన పుస్తకం. కానీ నిజం చెప్పాలి. ఆడవాళ్ళకు బలవంతం ఇష్టమే అనే పంక్తులు అందులో ఉన్నాయి, వాటిని సమర్థించడానికి నా దగ్గర మాటలు లేవు. అభిమానం ఉంది కదా అని వాటి మీద గుడ్డ కప్పి మీకు ఈ పుస్తకం ఇవ్వలేను. అగస్టస్‌కు కోపం వచ్చింది ఆ పంక్తుల వల్ల కాదు. ఆయన క్రీ.పూ. 18లో వ్యభిచారాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చాడు. కుటుంబ నీతిని తన పాలనకు గుర్తుగా నిలబెట్టుకున్నాడు. క్రీ.పూ. 2లో సొంత కూతురు జూలియానే ఆ నేరం మీద ఒక దీవికి పంపెయ్యాల్సి వచ్చింది. దాదాపు ఆ సంవత్సరాల్లోనే ఈ పుస్తకం బయటికి వచ్చి ఊరంతా చదివింది.

ఇప్పుడు అసలు పుస్తకానికి వద్దాం. 'మెటమార్ఫసెస్', రూపాంతరాలు. 15 భాగాలు, దాదాపు 12,000 పంక్తులు, సుమారు 250 కథలు. సృష్టి మొదలు నుంచి సీజర్ నక్షత్రంగా మారేదాకా. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు చెట్టో, పక్షో, రాయో, ఏరో అవుతారు. శాపంతో రాయి అయిపోవడం మనకు కొత్త కాదు. కానీ మన కథల్లో శాపం వెంట విమోచనం కూడా వస్తుంది, అహల్య మళ్ళీ లేచి నిలబడుతుంది. ఓవిడ్ దగ్గర చాలామందికి ఆ తిరుగు దారి లేదు. డాఫ్నీ లారెల్ చెట్టు అయిపోతుంది, అంతే. ఆమె వెంటపడిన అపోలో దేవుడు చెయ్యి వేసి చూస్తే బెరడు కింద గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది.

నన్ను పట్టేసింది మాత్రం ఈయో కథ. దేవుళ్ళ రాజు జూపిటర్ ఆమెను చెరిచి, భార్యకు దొరక్కుండా తెల్లని ఆవుగా మార్చేస్తాడు. ఆమె ఫిర్యాదు చెయ్యాలని నోరు తెరిస్తే 'అంబా' అని వస్తుంది. తన గొంతుకు తనే భయపడుతుంది. నీళ్ళలో కొమ్ములు చూసుకుని బెదిరి వెనక్కి పోతుంది. తండ్రి ఇనాకస్ నది దేవుడు, ఆయనకు ఈ ఆవు తన బిడ్డని తెలియదు. గడ్డి కోసి నోటికి అందిస్తాడు. ఆమె ఆయన చెయ్యి నాకుతుంది, కన్నీళ్ళు కారుతాయి. చివరికి గిట్టతో దుమ్ములో అక్షరాలు రాస్తుంది. లాటిన్‌లో ఆమె పేరు రెండే అక్షరాలు. తండ్రి చదివి ఆమె మెడను, కొమ్ములను పట్టుకుని ఏడుస్తాడు. నేను తరగతిలో ఈ భాగం చదివిన ప్రతిసారీ గది నిశ్శబ్దం అయ్యేది. మొత్తం పుస్తకంలో తిరిగి మనిషి రూపం దొరికిన కొద్దిమందిలో ఈయో ఒకతె. మళ్ళీ మాట్లాడటానికి కూడా మొదట భయపడుతుంది, ఆవులా అరుస్తానేమోనని.

ఇలాంటివే ఒక్కొక్కటిగా వస్తాయి. ఎకో అనే వనకన్యకు అవతలివాళ్ళ చివరి మాటలు తిరిగి పలకడం తప్ప సొంత మాట ఉండదు. తన నీడనే నీళ్ళలో చూసి ప్రేమించిన నార్సిసస్ కథలో ఆమెను కలిపింది, మనకు తెలిసినంతలో, ఓవిడే. ఆక్టియన్ అనే వేటగాడు అడవిలో దారి తప్పి, స్నానం చేస్తున్న డయానా దేవతను చూస్తాడు. ఆమె అతన్ని దుప్పిగా మారుస్తుంది. సొంత వేటకుక్కలే మీద పడతాయి. "నేను ఆక్టియన్‌ని, మీ యజమానిని, గుర్తుపట్టండి" అని అరవాలనుకుంటాడు, మనసులో ఉన్న మాట నోటికి రాదు. స్నేహితులు పక్కనే నిలబడి, ఆక్టియన్ ఎక్కడున్నాడు, ఈ వేట చూడకుండా పోతున్నాడే అని పిలుస్తుంటారు. ఫిలొమెలాను అక్క మొగుడు టెరియస్ చెరిచి, ఆమె ఎవరికీ చెప్పలేకుండా నాలుక కోసేస్తాడు. ఆమె మగ్గం మీద తెల్ల దారాల్లో ఊదా దారంతో జరిగింది నేసి అక్కకు పంపుతుంది. అరాక్నీ అనే నేతపనమ్మాయి మినర్వా దేవతతో పోటీపడి, దేవుళ్ళు ఆడవాళ్ళకు చేసిన అన్యాయాలన్నీ బట్ట మీద నేస్తుంది. ఆ నేతలో దేవత కూడా తప్పు పట్టలేకపోయిందని ఓవిడ్ స్పష్టంగా రాశాడు. తప్పు దొరకలేదు కాబట్టే బట్ట చింపి, ఆమెను సాలీడుగా చేసింది.

రూపం పోతుంది, గొంతు పోతుంది, మనసు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఓవిడ్ కథల్లో అసలు భయం ఇదే. దేవుళ్ళ లీలల పుస్తకం అని చదివితే అందంగా ఉంటుంది. అధికారం ముందు నోరు పడిపోయినవాళ్ళ పుస్తకం అని చదివితే పడుకోనివ్వదు.

అది రాసినవాడికే అలా జరిగింది. క్రీ.శ. 8లో, ఆయనకు యాభై ఏళ్ళప్పుడు, ఎల్బా దీవిలో స్నేహితుడితో ఉండగా కబురు వచ్చింది. విచారణ లేదు, సెనేట్ తీర్మానం లేదు. అగస్టస్ సొంత ఆజ్ఞతో నల్లసముద్రం ఒడ్డున ఉన్న టోమిస్‌కు వెళ్ళిపొమ్మన్నాడు. ఈనాటి రొమేనియాలోని కాన్‌స్టాంట్సా నగరం అది. ఆస్తి, పౌరసత్వం ఉంచారు. కాబట్టి చట్టం మాటల్లో అది పూర్తి బహిష్కారం కాదు, 'రెలెగాటియో'. ఫలానా చోటే ఉండాలి, కదలకూడదు. కారణాలు రెండని ఓవిడే చెప్పాడు: "కార్మెన్ ఎట్ ఎర్రోర్", ఒక పద్యం, ఒక పొరపాటు. పద్యం అంటే ప్రేమకళ. పొరపాటు ఏమిటో చెప్పలేదు. చెప్తే అగస్టస్ గాయం మళ్ళీ రేగుతుందన్నాడు. తానేమీ చెయ్యలేదని, చూడకూడనిది ఏదో కళ్ళబడిందని మాత్రం అన్నాడు.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: కేవలం ప్రేమ కవిత్వానికి కాదు. పుస్తకం వచ్చి అప్పటికి కొన్నేళ్ళు దాటింది. ఒక పుస్తకం మీద కోపం అన్నేళ్ళు ఆగి రాదు. సరిగ్గా అదే ఏడాది అగస్టస్ మనవరాలు చిన్న జూలియాను కూడా వ్యభిచార నేరం మీద దీవికి పంపారు. రెండూ ఒకే గొడవలో భాగమని చాలామంది పండితుల అనుమానం, నాకూ అదే సబబుగా తోస్తుంది. పుస్తకం బయటికి చెప్పుకోదగ్గ కారణం అయి ఉంటుంది. ఆయన పుస్తకాలను ప్రభుత్వ గ్రంథాలయాల్లోంచి కూడా తీసేశారు. 'ట్రిస్టియా'లో ఒక పద్యం అంతా పుస్తకమే మాట్లాడుతుంది: నేను రోమ్ వచ్చాను, గ్రంథాలయం గుమ్మం ఎక్కితే కాపలావాడు పొమ్మన్నాడు అని.

ఆక్టియన్ కథ మళ్ళీ తీసి చూడండి. దాని మొదట్లో ఓవిడ్ అంటాడు: ఇందులో నేరం లేదు, తప్పు అదృష్టానిది, పొరపాటులో నేరం ఏముంటుంది? ఆ 'పొరపాటు' అన్న చోట ఉన్న మాట 'ఎర్రోర్'. కాందిశీకుడయ్యాక తన గురించి వాడుకున్న మాటే అది. ట్రిస్టియాలో తనను ఆక్టియన్‌తో పోల్చుకున్నాడు కూడా, తెలియక చూసినా కుక్కలకు ఆహారమయ్యాడని. ఆ పంక్తులు ముందే రాశాడా, టోమిస్ నుంచి దిద్ది పంపాడా అని ఇప్పటికీ వాదిస్తుంటారు. ముందే రాశాడనుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

రోమ్‌లో చివరి రాత్రి మీద ఆయన రాసిన పద్యం ట్రిస్టియా మొదటి భాగంలో మూడోది. ఇల్లంతా చావు ఇల్లులా ఉంది. కూతురు ఆఫ్రికాలో ఉంది, ఆమెకు ఈ సంగతే తెలియదు. మూడో భార్య వెంట వస్తానని ఏడుస్తుంది, కానీ రోమ్‌లో ఉండి విడుదలకు ప్రయత్నించడానికి ఆగిపోతుంది. మూడుసార్లు గడప దాటబోయి మూడుసార్లు వెనక్కి వస్తాడు. వెళ్ళేముందు మెటమార్ఫసెస్ ప్రతిని నిప్పులో వేశానని ఇంకో పద్యంలో చెప్పాడు, అప్పటికే వేరే ప్రతులు ఉన్నాయి కాబట్టి మిగిలిందట. నా రాత కూడా ఆ మారిపోయిన రూపాల కథల్లో చేర్చొచ్చు అని ఇంకోచోట రాశాడు.

టోమిస్ పాత గ్రీకు వలస పట్టణం. చుట్టూ గెటే, సర్మేషియన్ జనాలు. డాన్యూబ్ నది గడ్డకడితే ఎడ్ల బళ్ళు దాని మీద నడుస్తాయని, ద్రాక్షసారా గడ్డకట్టి పాత్ర తీసేసినా ఆ ఆకారంలోనే నిలబడుతుందని, విషం పూసిన బాణాలు ఇళ్ళ కప్పుల్లో గుచ్చుకుంటాయని రాశాడు. కొంత పెంచే రాశాడు. కాన్‌స్టాంట్సా ఈనాడు వేసవిలో జనం సముద్ర స్నానాలకు వెళ్ళే ఊరు. చక్రవర్తికి జాలి కలగాలని రాసిన పద్యాలు అవి. కానీ చలిని పెంచి రాశాడని ఆ ఒంటరితనాన్ని కూడా అబద్ధం అనకూడదు. ఎవరికీ నా మాట అర్థం కాదు, ఇక్కడ అనాగరికుణ్ణి నేనే అంటాడు. వినేవాళ్ళు లేకుండా పద్యం రాయడం చీకట్లో నాట్యం చెయ్యడం లాంటిదంటాడు. లాటిన్ మాటలు మర్చిపోతున్నానని భయపడతాడు. ఈయో భయమే ఇది, తిరగబడి వచ్చింది.

అంతటితో ఆగలేదాయన. గెటే భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో, లాటిన్ ఛందస్సులో, చనిపోయిన అగస్టస్ మీద పద్యం రాసి వాళ్ళకు చదివి వినిపించాడు. అది సిగ్గుపడుతూ చెప్పుకున్నాడు. ఆ పద్యం పోయింది. ఒక్క పంక్తి దొరికినా భాషాశాస్త్రవేత్తలు పండగ చేసుకునేవాళ్ళు. టోమిస్ జనం ఆయన్ని మెచ్చుకుని పన్నులు లేకుండా చేశారు. క్రీ.శ. 14లో అగస్టస్ పోయాడు, తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కూడా వెనక్కి పిలవలేదు. క్రీ.శ. 17లోనో 18లోనో అక్కడే చనిపోయాడు. పన్నెండు నెలల పండగల మీద మొదలుపెట్టిన 'ఫాస్టి' ఆరు నెలల దగ్గరే ఆగిపోయి మనకు మిగిలింది. రోమన్ల పూజలు, ఆచారాలు తెలుసుకోవడానికి ఇప్పటికీ అది పెద్ద ఆధారం.

ఆయన తర్వాత ఏమైందంటే, యూరప్‌లో కథ అంటే ఓవిడ్ అయిపోయాడు. 12, 13 శతాబ్దాలను 'ఓవిడ్ యుగం' అని ఒక జర్మన్ పండితుడు పేరు పెట్టాడు. మఠాల్లో సన్యాసులు కూడా ఆయన్ని చదివారు, కథలకు క్రైస్తవ అర్థాలు తగిలించుకుని. ఇటలీ కవి డాంటే తన కావ్యంలోని నరకంలో హోమర్, హోరేస్, లూకన్‌ల పక్కన ఆయన్ని నిలబెట్టాడు. తొలి ఒపెరా అని చెప్పుకునే నాటకం డాఫ్నీ కథ మీదే. రోమ్‌లో బోర్గీస్ గ్యాలరీలో బెర్నీనీ చెక్కిన అపోలో, డాఫ్నీ శిల్పం ఫొటో అయినా చూడండి: వేళ్ళ కొసల్లోంచి ఆకులు వస్తుంటాయి, పాలరాయి అంత పల్చగా. తను చెక్కిన బొమ్మనే ప్రేమించిన పిగ్మేలియన్ కథ బెర్నార్డ్ షా నాటకానికి పేరై, అక్కణ్ణుంచి 'మై ఫెయిర్ లేడీ' దాకా వచ్చింది. నార్సిసిజం అని మనం రోజూ వాడే మాట కూడా ఆ కథలోంచే.

షేక్స్‌పియర్ దగ్గర మాత్రం ఆగాలి. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో పనివాళ్ళు వేసే పిరమస్, థిస్బీ నాటకం ఓవిడ్ కథ అని అందరికీ తెలుసు. నేను ఎప్పుడూ చూపించేది 'టైటస్ ఆండ్రోనికస్'. అందులో లవీనియాను చెరిచి, నాలుకతో పాటు చేతులు కూడా నరికేస్తారు, ఫిలొమెలాలా నేసి చెప్పకుండా. నేరం చేసినవాళ్ళు ఓవిడ్ చదివినవాళ్ళే. ఆమె పిల్లవాడి పుస్తకాల్లోంచి మెటమార్ఫసెస్‌ను మొండి చేతులతో తిరగేసి ఫిలొమెలా పేజీ చూపిస్తుంది. తర్వాత కర్ర నోట పట్టుకుని, మొండి చేతులతో నడిపిస్తూ ఇసకలో పేర్లు రాస్తుంది. దుమ్ములో గిట్టతో రాసిన ఈయో నాకు అక్కడ కనిపిస్తుంది. గొంతు పోయిన ఒక అమ్మాయి ఒక పుస్తకం సాయంతో చెప్పుకోగలిగింది. ఆ పుస్తకం పేరు స్టేజీ మీద బయటికే పలుకుతారు.

దేశం వదిలి పోవాల్సి వచ్చిన కవులకు ఆయన అన్నలాంటివాడు. 1820లో జారు చక్రవర్తి రష్యన్ కవి పుష్కిన్‌ను దక్షిణానికి పంపేస్తే, టోమిస్ అక్కడికి ఎంతో దూరం కాదు, 1821లో ఓవిడ్‌ను ఉద్దేశించి పద్యం రాశాడు. కాన్‌స్టాంట్సాలో 1887లో ఓవిడ్ విగ్రహం పెట్టారు, తల కొంచెం వంచి ఆలోచిస్తూ ఉంటుంది. సరిగ్గా అలాంటిదే 1925లో సుల్మోనాలోనూ పెట్టారు. పుట్టిన ఊళ్ళోనూ పోయిన ఊళ్ళోనూ అదే మనిషి. 2017 డిసెంబరులో రోమ్ నగర మండలి ఆయన మీద ఆజ్ఞను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా సంతోషించాను.

చివరి ప్రశ్న. లాటిన్ లేకుండా హాయిగా చదవొచ్చు. ఇంగ్లీషు అనువాదాల్లో 2022లో స్టెఫనీ మెక్‌కార్టర్ చేసినది నేను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. పాత అనువాదాలు చాలావాటిలో దేవుళ్ళు 'మోహించారు', 'అనుభవించారు' అని మెత్తగా ఉంటుంది, ఆమె జరిగినదాన్ని జరిగినట్టు అంటుంది. 1567 నాటి గోల్డింగ్ అనువాదం షేక్స్‌పియర్ చదివినది, కానీ దానితో మొదలుపెట్టకండి, భాష కష్టం. ప్రేమకళ కూడా తర్వాత చూడండి. మెటమార్ఫసెస్ మొదటి భాగం సృష్టితో మొదలవుతుంది, బరువుగా తోస్తే దాటేసి సరాసరి డాఫ్నీ, ఈయో కథలకు వెళ్ళండి. తర్వాత మూడో భాగంలో ఆక్టియన్, ఎకో. ఆరులో అరాక్నీ, ఫిలొమెలా. ఎనిమిదిలో బాసిస్, ఫిలేమన్ అనే పేద ముసలి దంపతుల కథ తప్పక చదవండి, ఇంటికొచ్చిన దేవుళ్ళకు ఉన్న ఒక్క బాతునూ కొయ్యబోతారు, అది వాళ్ళకు దొరక్కుండా పరిగెడుతుంది. ఇవన్నీ అయ్యాక, అప్పుడు మాత్రమే, ట్రిస్టియాలో ఆ చివరి రాత్రి పద్యం తెరవండి. ముందే చదివితే అది ఒక కవి తన కష్టం చెప్పుకున్నట్టే ఉంటుంది. ఈయోను, ఆక్టియన్‌ను చూసొచ్చి చదివితే, గడప మీద నిలబడి మాట రాని ఆ మనిషిని మీరు చూడగానే గుర్తుపడతారు.